తొమ్మిది, పది, పందొమ్మిది



ఈ పూట నేను మాట్లాడబోయేది పరమాణువుల లెక్క గురించి. ఈ మాట చెవిన పడగానే మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోదామనుకొని వుంటారు. కాస్త ఆగండమ్మా. కూర మాడకుండా కలుపుకుంటూనే వినవచ్చు. ఇందులో వున్నవి కూడికలు, తీసివేతలు మాత్రమే. పాలవాడి పద్దు, చాకలి పద్దు, చీటీల లెక్క నోటితో చెప్పగలిగిన మనకు ఇదొక లెక్కలోది కాదు. పైగా మన ఇంట్లో మంచినీళ్ళ బిందెకూ, మన పిల్లల నవ్వుకూ ఈ లెక్కతో సంబంధం వుంది. అది నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పడానికే వచ్చాను.

మాది ప్రకాశం జిల్లా దర్శి. మిరప, పత్తి పండే మెట్టనేల. వాన తక్కువ, ఎండ ఎక్కువ. మా వైపు చుట్టాలు మంచినీళ్ళ గ్లాసు చేతికి అందుకుంటూ, "ఇవి బోరు నీళ్ళా, సాగరు నీళ్ళా?" అని అడుగుతారు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈ ప్రశ్న నాకు వింతగా వుండేది. నీళ్ళు నీళ్ళే కదా, అందులో కులగోత్రాలేమిటి అనుకునేదాన్ని.

మా పెద్దమ్మాయికి పాలపళ్ళు వూడి కొత్తపళ్ళు వచ్చేటప్పుడు, వాటిమీద సుద్దముక్కతో గీసినట్లు తెల్లటి మచ్చలు కనిపించాయి. ఏడాది రెండేళ్ళలో అవి పసుపుపచ్చగా మారి, తర్వాత గోధుమరంగు చారలు తేలాయి. పిల్ల సరిగ్గా పళ్ళు తోముకోవడం లేదని నేను నిశ్చయించేశాను. ఉప్పూ బొగ్గుపొడీ కలిపి తోమించాను. చిగుళ్ళు చిట్లి నెత్తురు వచ్చేదాకా వేపపుల్లతో రుద్దించాను. చేతికి దొరికినప్పుడల్లా తిట్టాను, ఒకటి రెండుసార్లు కొట్టాను కూడా. మా అత్తగారు, "అవి గారపళ్ళమ్మా, మా అందరికీ వున్నయ్యి. నీళ్ళ గుణం అది. దానికి పిల్లనెందుకు కొడతావు?" అనేది. పెద్దావిడ ఏదో చాదస్తంగా అంటున్నదని వూరుకున్నాను.

ఒకసారి బడిలో తీసిన ఫోటో ఇంటికి తెచ్చింది అమ్మాయి. పిల్లలందరూ నవ్వుతున్నారు. మా పిల్ల ఒక్కతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడింది. ఆ ఫోటో చూశాక కూడా నాకు బుద్ధి రాలేదు. "అందుకే తోముకోమన్నాను" అన్నాను.

బుద్ధి వచ్చింది అది తొమ్మిదో తరగతిలో వుండగా. ఒక సాయంత్రం పుస్తకం తెచ్చి నా పక్కన చాపమీద కూర్చుంది. "అమ్మా, ఫ్లోరిన్ పరమాణు సంఖ్య తొమ్మిది, ద్రవ్యరాశి సంఖ్య పందొమ్మిది. ఇందులో న్యూట్రానులు ఎన్ని? నాకు అర్థం కావడం లేదు" అంది. నేను ఎప్పుడో ఇంటర్మీడియట్ చదివినదాన్ని. పుస్తకం ముందు పెట్టుకొని ఇద్దరం కలిసి మొదటి నుంచీ చదివాము. ఆ రోజు మేము చదివినది మీకూ చెబుతాను.

లోకంలో ప్రతి వస్తువూ పరమాణువులతో తయారయినదే. పరమాణువు నడుమ గట్టిగా ముద్దకట్టినట్లుండే భాగం కేంద్రకం. 1911లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని బయటపెట్టాడు. కేంద్రకంలో రెండు రకాల కణాలుంటాయి. ఒకటి ప్రోటాను, దానికి ధనావేశం వుంటుంది. రెండోది న్యూట్రాను, దానికి ఏ ఆవేశమూ లేదు. కేంద్రకం చుట్టూ ఎలక్ట్రానులుంటాయి, వాటిది ఋణావేశం. ఎలక్ట్రానును థామ్సన్ 1897లో కనిపెడితే, న్యూట్రానును చాడ్విక్ 1932లో కనిపెట్టాడు. చూశారా, తూకంలో ప్రోటానుతో ఇంచుమించు సమానంగా వుండే న్యూట్రాను అన్నిటికంటె ఆలస్యంగా దొరికింది. ఏ ఆవేశమూ లేక నోరుమెదపకుండా కూర్చున్న మనిషి ఎవరి కంటా పడనట్లే అన్నమాట.

ఇక తూకం సంగతి. ప్రోటాను, న్యూట్రాను దాదాపు ఒకే బరువు. ఎలక్ట్రాను వాటిలో 1,836వ వంతు మాత్రమే. మా వైపు భాషలో చెప్పాలంటే, ప్రోటాను నలభై కిలోల మిరపకాయల టిక్కీ అనుకోండి. ఎలక్ట్రాను బరువు 22 గ్రాములు, అంటే గుప్పెడు ఎండు మిరపకాయలు. యార్డులో టిక్కీలు కాటా వేసేటప్పుడు కింద రాలిన గుప్పెడు కాయలను ఎవరు లెక్కపెడతారు? అందుకే పరమాణువు బరువు చెప్పేటప్పుడు ఎలక్ట్రానులను వదిలేసి, ప్రోటానులనూ న్యూట్రానులనూ మాత్రమే లెక్కపెట్టి కూడతారు. ఆ కూడికే ద్రవ్యరాశి సంఖ్య.

సూత్రాలు మూడే మూడు. ప్రోటానుల సంఖ్యే పరమాణు సంఖ్య. ప్రోటానులు, న్యూట్రానులు కలిపితే ద్రవ్యరాశి సంఖ్య. కాబట్టి ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్య తీసివేస్తే న్యూట్రానులు. మామూలు పరమాణువులో ప్రోటానులు ఎన్నో ఎలక్ట్రానులూ అన్నే. జమ, ఖర్చు సరిపోయి నిలవ సున్నా అయినట్లు, అప్పుడు పరమాణువుకు ఏ ఆవేశమూ వుండదు.

ఫ్లోరిన్‌కు పందొమ్మిదిలోంచి తొమ్మిది తీసివేస్తే పది. ప్రోటానులు తొమ్మిది, న్యూట్రానులు పది, ఎలక్ట్రానులు తొమ్మిది. అంతే!

ఈ లెక్క ఒకసారి పట్టుబడితే ఇంట్లో కనబడిన వస్తువులన్నిటికీ వేసి చూడాలనిపిస్తుంది. మేమూ అలాగే వేశాము. అట్లపెనంలోని ఇనుము పరమాణు సంఖ్య 26, ద్రవ్యరాశి సంఖ్య 56. న్యూట్రానులు 30. ఉప్పులో కలిపే అయొడిన్ 53, 127. న్యూట్రానులు 74. మెడలోని బంగారం 79, 197. న్యూట్రానులు 118. అదే ప్రోటానులు 79 కాక 80 అయితే అది బంగారమే కాదు, పాదరసం! అంటే పదార్థం ఏదో నిర్ణయించేది ప్రోటానుల సంఖ్య. న్యూట్రానులు ఒకటి రెండు ఎక్కువైనా తక్కువైనా పదార్థం పేరు మారదు, బరువు మాత్రం మారుతుంది. అలాంటి తోబుట్టువులను ఐసోటోపులంటారు.

ఇక్కడ మా అమ్మాయికి ఒక అనుమానం వచ్చింది. "పుస్తకంలో క్లోరిన్‌కు 35.5 అని వుందమ్మా. అర న్యూట్రాను ఎక్కడైనా వుంటుందా?" అని. వుండదు. క్లోరిన్ పరమాణువుల్లో సుమారు ముప్పాతిక భాగం 35 రకానివి, పాతిక భాగం 37 రకానివి. నాలుగింటిలో మూడు 35లు, ఒక 37 కూడితే 142. దాన్ని నాలుగుతో భాగిస్తే 35.5. రెండు రకాల కాయలు కలిపిన టిక్కీకి సగటు ధర కట్టినట్లే. ప్రకృతిలో దొరికే ఫ్లోరిన్‌కు ఆ గొడవ లేదు. అది 19 ఒక్కటే రకం.

అంతటితో పాఠం అయిపోవలసింది. కాని అమ్మాయి పుస్తకం మూయకుండా, "అమ్మా, మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వుందంటారే, అదీ ఇదీ ఒకటేనా?" అని అడిగింది. నా చేతిలోని పెన్సిలు ఆగిపోయింది.

ఒకటే. ఫ్లోరిన్ పరమాణువు మహా ఆశపోతు. ఇంకొకరి దగ్గర ఎలక్ట్రాను ఒకటి లాక్కుంటే గాని దానికి నిలకడ వుండదు. అందుకే దాన్ని విడిగా పట్టుకోవడం ఎంతో కష్టమయింది. 1886లో మోసాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పని సాధించాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్లోరిన్ ఒక ఎలక్ట్రానును లాక్కోగానే ప్రోటానులు తొమ్మిది, ఎలక్ట్రానులు పది అవుతాయి. ఒక ఋణావేశం మిగిలిపోతుంది. దాన్నే ఫ్లోరైడ్ అయాను అంటారు. కొన్ని రాళ్ళలో, ఖనిజాలలో ఇది కాల్షియంతో జతకట్టి వుంటుంది. భూమిలోకి ఇంకిన నీళ్ళు ఆ రాళ్ళను ఏళ్ళతరబడి వొరుసుకుంటూ వుంటే ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగుతుంది. వాన తక్కువై, నీళ్ళకోసం లోతుకు పోయేకొద్దీ ఈ బెడద ఎక్కువ కావచ్చు.

మరి పళ్ళమీద దీని ప్రతాపం ఏమిటి? పెన్సిలు మళ్ళీ తీసుకొని లెక్క వేశాము. మన పళ్ళూ ఎముకలూ ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేటులతో కట్టిన గోడలు. ఆ గోడలో హైడ్రాక్సిల్ అనే జంట ఒకటి ఇమిడి వుంటుంది. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంట అది. ఆక్సిజన్‌కు ప్రోటానులు ఎనిమిది, హైడ్రోజన్‌కు ఒకటి, మొత్తం తొమ్మిది. ఎలక్ట్రానులు పది. ఒక ఋణావేశం. ఇప్పుడు ఫ్లోరైడ్‌ను పక్కన పెట్టి చూడండి. ప్రోటానులు తొమ్మిది, ఎలక్ట్రానులు పది, ఒక ఋణావేశం! పరిమాణంలో కూడా రెండూ ఇంచుమించు సమానం. అచ్చం అదే పోలికతో వున్న మనిషి వస్తే కాపలావాడు లోపలికి వదిలినట్లు, ఫ్లోరైడ్ వచ్చి హైడ్రాక్సిల్ చోటులో కూర్చుంటుంది.

కొద్దిగా కూర్చుంటే నష్టం లేదు, పైగా పన్ను పుచ్చిపోకుండా కాపాడుతుంది. టూత్‌పేస్టులో దీన్ని కలిపేది అందుకే. కాని చిగురు లోపల పళ్ళు తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, మోతాదు మించి వొంట్లోకి వెళితే పన్ను మీది పింగాణి పొర సరిగ్గా గట్టిపడదు. సన్నసన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వాటికి రంగు పడుతుంది. అలా అయిన పన్నును బొగ్గుతో రుద్దినా, ఇటికపొడితో రుద్దినా ఏం లాభం? అది పైన అంటిన మురికి కాదు, పన్ను పుట్టుకలోనే పడిన మచ్చ. ఇక ఏళ్ళతరబడి అలాంటి నీళ్ళే తాగుతూ వుంటే ఫ్లోరైడ్ ఎముకలలో చేరి, నడుము, మెడ, మోకీళ్ళు బిగుసుకుపోయే ప్రమాదం వుంది.

నేను పుస్తకం మీదినుంచి తల ఎత్తలేకపోయాను. అన్నేళ్ళు ఏ తప్పుకు ఆ పిల్లను తిట్టినట్లు? బిందె నింపి తాగించింది నేను. మచ్చలకు కొట్టింది నేను. మా అత్తగారు చదువుకోలేదు గాని ఆవిడ చెప్పిందే నిజమయింది. ఆ రాత్రి అమ్మాయి తల నిమిరి, "నీ తప్పేమీ లేదమ్మా, నాదే పొరపాటు" అన్నాను. అది ఏమీ మాట్లాడలేదు, నా వొళ్ళో తల పెట్టుకొని పడుకుంది.

తర్వాత తెలిసింది, ఈ సంగతి మా ప్రాంతానికి కొత్త కాదని. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో వుండేవి. ఆ ప్రాంతాల జనంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బును గురించి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లోనే వ్యాసం ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బును గురించి చెప్పేటప్పుడు వైద్యులు ఇప్పటికీ ముందుగా తలుచుకునేది ఆ వ్యాసాన్నే. న్యూట్రానును కనిపెట్టిన అయిదేళ్ళకే మా వూరి పేరు వైద్యశాస్త్రంలోకి ఎక్కిందన్నమాట. మా ఇంట్లోకి ఆ కబురు రావడానికి మాత్రం మా అమ్మాయి తొమ్మిదో తరగతి దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు గృహిణులుగా మనం తెలుసుకోవలసినది చెబుతాను. ఇందులోనూ లెక్కే వుంది.

మొదటిది. నీళ్ళు కాచితే దోషాలన్నీ పోతాయని మన నమ్మకం. సూక్ష్మక్రిములు చస్తాయి, నిజమే. కాని ఫ్లోరైడ్ ప్రాణమున్న పురుగు కాదే! దాని కేంద్రకంలోని తొమ్మిది ప్రోటానులు మన పొయ్యి సెగకు చెక్కుచెదరవు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వున్న నీళ్ళు లీటరు పెట్టి అరలీటరు మిగిలేదాకా మరిగించారనుకోండి. ఆవిరైపోయింది నీళ్ళే, ఫ్లోరైడ్ గిన్నెలోనే వుంది. ఇప్పుడు లీటరుకు 4 మిల్లీగ్రాముల లెక్కకు వచ్చింది. మేలు చేద్దామని కీడు చేసినట్లయింది. గుడ్డతో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా నీళ్ళలో కరిగిన ఫ్లోరైడ్ పోదు.

రెండవది. కంటికి, నాలుకకు ఇది తెలియదు. నీళ్ళు తేటగా, చల్లగా, రుచిగా వుండవచ్చు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. మిల్లీగ్రాము అంటే అంత చులకనేమీ కాదు. ద్రవ్యరాశి సంఖ్య 19 కాబట్టి, 19 గ్రాముల ఫ్లోరిన్‌లో 602 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులుంటాయి. ఆ లెక్కన ఒక్క మిల్లీగ్రాములో 3,17,000 కోట్ల కోట్లు! కాబట్టి బోరు నీళ్ళు తాగే ఇల్లయితే ఒకసారి పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. పట్నంలో వున్నాం కదా, మాకెందుకు అనుకోకండి. అపార్టుమెంటులో తాగేదీ చాలాచోట్ల బోరు నీళ్ళే.

మూడవది, నివారణ. ఫ్లోరైడ్‌ది ఋణావేశం అన్నాను కదా. ధనావేశం వున్నదాన్ని చూపిస్తే అంటుకుంటుంది. మన పటికలో అల్యూమినియం వుంది. దాని పరమాణు సంఖ్య 13, ద్రవ్యరాశి సంఖ్య 27, న్యూట్రానులు 14. అది మూడు ఎలక్ట్రానులను వదులుకొని పదింటితో వుంటుంది. పదమూడులోంచి పది పోతే మూడు ధనావేశాలు. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే విధానాన్ని నాగపూరులోని జాతీయ పరిశోధనా సంస్థ నీరి వారు రూపొందించారు. దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. ఆ జిల్లావాళ్ళు ఈ జబ్బుతో పడిన అవస్థ మనందరికీ తెలిసినదే. అయితే అమ్మా, ఇంట్లో కంటి అందాజుగా పటిక వేయకండి. ఎంత వేయాలో నీళ్ళను పరీక్షించి చెప్పాలి. ఆర్.వో. యంత్రం కూడా ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసివేస్తుంది. అన్నిటికంటె మేలు, వీలైన చోట శుద్ధిచేసిన కాలువ నీళ్ళు, ఏటి నీళ్ళు తాగడం. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు వుండదు. శుభ్రమైన డాబా మీద పడ్డ నీళ్ళు పట్టి దాచుకొని, కాచి తాగవచ్చు.

నాలుగవది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి పిల్లలకు బాగా పెట్టండి. కాల్షియం సరిగ్గా అందే వొంట్లో ఫ్లోరైడ్ ఆట అంతగా సాగదు. తేయాకులోనూ ఫ్లోరైడ్ వుంటుంది, కాబట్టి చంటిపిల్లలకు టీ అలవాటు చేయవద్దు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు. మింగకుండా వుమ్మడం నేర్పండి.

నాగార్జునసాగరుకు పునాది వేసింది 1955లో. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ నీళ్ళు దర్శి దాకా వస్తున్నాయి. పైరుకు వచ్చిన ఆ నీళ్ళు తాగడానికీ ఎంత అవసరమో, గ్లాసు అందుకుంటూ "ఏ నీళ్ళు?" అని చుట్టాలు ఎందుకు అడుగుతారో నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఇంట్లో ఆ సాయంత్రం తర్వాత తాగడానికీ వంటకూ బోరు నీళ్ళు మానేశాము. అప్పటికి మా చిన్నవాడికి రెండేళ్ళు. వాడికి వచ్చిన కొత్తపళ్ళు తెల్లగా వున్నాయి. పెద్దదాని పళ్ళకు దంతవైద్యులు పైన పూత వేసి మచ్చలు చాలావరకు కప్పారు. అయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు దానికి వెంటనే పోలేదు. ఆ అలవాటు చేసింది సగం నీళ్ళయితే సగం నేను.

అందుకే మీకు చెప్పేదొక్కటే. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని పిల్లల పళ్ళమీద మచ్చలు కనబడితే ముందు పిల్లను కాదు, బిందెను అనుమానించండి. పిల్లలు పుస్తకం పట్టుకొని లెక్క చెప్పమని వచ్చినప్పుడు "మీ నాన్నగారిని అడుగు" అని తప్పించుకోకండి. పక్కన కూర్చోండి. పందొమ్మిదిలోంచి తొమ్మిది తీసివేయడం మనకూ వచ్చు కదా!